కోనసీమలో నొక పుస్తకముల బీరువా

రాజమహేంద్రవరము నుండి కోనసీమకు బోవుటకు త్రోవలు పెక్కు గలవు. వానిలో నాకు మిక్కిలి యిష్టమైనది ధవళేశ్వరము మీదుగా బోవునది. అచ్చట గోదావరి గౌతమి యనియు, వసిష్ఠ యనియు పాయలుగా చీలి, నడుమ నొక పచ్చని సీమను విడిచి సముద్రమునకు సాగిపోవును. 1852వ సంవత్సరమున సర్ ఆర్థరు కాటను దొరగారు పూర్తి గావించిన ఆనకట్టకు బదులుగా నిప్పుడు వారి పేరిటనే బారేజి యున్నది. దానిమీద బండి పోవుచున్నంతసేపును ఒక ప్రక్క నిండుకుండ వంటి నదియు, వేఱొక ప్రక్క ఇసుక తిన్నెలును కన్నుల కగపడును.

గత మాఘమాసమున నేనా త్రోవను బోవుటకు కారణము మా యత్తయ్య చేసిన టెలిఫోను. ఆమె మా మేనమామగారి యిల్లాలు. ఎనుబదియేండ్లు దాటినవి. కొత్తపేట సమీపమున మా తాతగారి మండువా యింటిలో నిన్నాళ్ళును ఒంటరిగ కాపురముండెను. “అమ్మాయీ! ఇల్లు అమ్మేస్తున్నారే. మీ తాతగారి ఇంగ్లీషు పుస్తకాల బీరువా ఉంది చూశావూ, అది తూకానికి ఇచ్చేస్తామంటున్నారు మీ బావ. నువ్వొచ్చి ఓసారి చూసుకుంటే బావుంటుంది” అని ఆమె పలికెను. ఆ మాట విన్న మఱునాడే నేను బయలుదేరితిని.

ధవళేశ్వరము దాటునప్పుడెల్ల నాకు రాజశేఖరుడుగారు జ్ఞప్తికి వత్తురు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1878వ సంవత్సరమున తమ వివేకవర్ధని పత్రికలో ప్రకటింప నారంభించి, 1880లో పుస్తకముగ వెలువరించిన రాజశేఖర చరిత్రము ఈ యూరిలోనే మొదలగును. కలిగిన గృహస్థుడు; భార్య మాణిక్యాంబ; రుక్మిణి, సీత యను కుమార్తెలు. బంగారము చేసి యిచ్చెదనన్న బైరాగిని నమ్మి యున్నది పోగొట్టుకొని, ఆయన కుటుంబముతో ఊరు విడువవలసి వచ్చును. ఈ కథకు ప్రేరణము 1766లో వెలువడిన ఆలివరు గోల్డుస్మిత్తు గారి ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డు’ అను నవల. అచ్చట నొక క్రైస్తవ పురోహితుడు; ఇచ్చట నొక బ్రాహ్మణ గృహస్థుడు. అచ్చట మాఱువేషమున దిరుగు నొక పెద్దమనిషి యాపద గట్టెక్కించును. ఇచ్చట రామరాజను పేర దిరుగు పెద్దాపురపు ప్రభువు కృష్ణజగపతి యా పని చేయును. కాని తెలుగు పుస్తకము చదువుచున్న యిల్లాలికి ఇంగ్లండు దేశము స్ఫురించనే స్ఫురింపదు. గోదావరి రేవును, యాత్రికులును, పురాణ కాలక్షేపమును, ఇరుగుపొరుగు మాటలును కన్నులకు గట్టును. 1887వ సంవత్సరమున హచిన్‌సన్ అను ఆంగ్లేయుడు దీనిని తన భాషలోనికి తర్జుమా చేసి లండనులో ప్రకటింపజేసెను. ఇంగ్లండు నుండి వచ్చిన కథ గోదావరిలో మునిగి లేచి మఱల నింటికి బోయినదన్నమాట!

కోనసీమ వారికి ఇంగ్లీషు చదువునకు ముఖద్వారము చిరకాలము రాజమహేంద్రవరమే. అమలాపురమున కళాశాల 1951లో గాని వెలయలేదు. అంతకుముందు పైచదువులకు పోదలచిన కుఱ్ఱవాండ్రు కాలువల మీద పడవలెక్కి రాజమహేంద్రవరమునకో, కాకినాడకో పోవలసినదే. 1909 మొదలు 1919 వఱకు రాజమహేంద్రవర కళాశాలకు ప్రధానోపాధ్యాయుడుగ నున్న ఆస్వల్డు కూల్డ్రే దొర తాను ఇంగ్లీషు కవియు, చిత్రకారుడును అగుటచే, అడివి బాపిరాజుగారిని, దామెర్ల రామారావుగారిని, కవికొండల వేంకటరావుగారిని చేరదీసి ప్రోత్సహించెను. చిత్రమేమనగా, ఆ ఇంగ్లీషు గురువు చేతి క్రింద పెరిగిన వారెవ్వరును దొరలు కాలేదు; తెలుగుదేశపు పల్లెలను, ఏఱులను, ముఖములను మునుపటికన్న నెక్కువ ప్రేమతో జూచిరి. ఆ నాళ్ళలోనే పానుగంటి లక్ష్మీనరసింహారావు పంతులుగారు, అడిసను మొదలగు వారు 1711లో లండనున నడపిన స్పెక్టేటరు పత్రికను మనసున నుంచుకొని సాక్షి సంఘమును కల్పించిరి. ఆ సంఘమునందలి జంఘాలశాస్త్రి యుపన్యాసములు విని పడిపడి నవ్విన మన ముత్తవలలో అడిసను పేరు విన్నవా రెందఱు?

ఇట్లు తలపోయుచుండగనే బండి బొబ్బర్లంక చేరినది. లొల్ల లాకుల కడ కాలువనీరు సుడులు తిరుగుచు దూకుచున్నది. రావులపాలెమున అరటిగెలల బండ్లు బారులు దీరియున్నవి. అచ్చటినుండి కొత్తపేట దారి పట్టితిమి. ఇరుప్రక్కల కొబ్బరితోటలు, తోటల నడుమ పెంకుటిండ్లు, ఇంటింటి ముందు కాలువరేవు. పలివెల కొప్పేశ్వరస్వామివారి గోపురమునకు దూరము నుండియే నమస్కరించి మా యూరు చేరితిమి.

అత్తయ్య వీధియరుగు మీదనే కూర్చుండి యుండెను. కాళ్ళు కడుగుకొని లోపలికి బోగానే నా కన్ను సావిడిలోని బీరువాపై బడినది. టేకు చెక్కది, రెండు తలుపులకును అద్దములు. క్రింది భాగమున మోకాలెత్తున నొక నల్లని చార. అది 1986వ సంవత్సరము ఆగస్టు నెల వరద గుర్తు. గోదావరి గట్లు తెగి ఇంటిలోనికి నీరు వచ్చిన ఆ దినమున, ఇంటిల్లిపాదియు బియ్యపు బస్తాలను అటకమీది కెక్కించు తొందరలో నుండగా, మా యమ్మమ్మ “ముందు మీ నాన్నగారి పుస్తకాలందుకోండిరా” అని కేకలు వేసెనట. పై యరలవి దక్కినవి. క్రింది యరలోనివి ముద్దయైపోయినవి.

మా తాతగారు అమలాపురపు కోర్టులో ప్లీడరు. కేసులు లేని సాయంకాలములలో కుమారు లిద్దఱను సావిడిలో కూర్చుండబెట్టి షేక్స్పియరు నాటకములను చెప్పెడివారు. మొదట ఇంగ్లీషున చదివి, పిమ్మట తెలుగున తాత్పర్యము చెప్పుట వారి పద్ధతి. బీరువా తాళపుచెవి వారి జంధ్యమునకు వ్రేలాడుచుండెడిది. ఆడువారు సావిడిలోనికి వచ్చుట లేదు. అమ్మమ్మ వంటయింటి గడప కీవల కూర్చుండి బియ్యము చెఱుగుకొనుచో, వత్తులు చేసికొనుచో అంతయు వినెడిది. చేట చప్పుడు నిలిచినదన్న కథ రసపట్టున నున్నదని మా మేనమామలు గుర్తుపట్టెడివారట.

ఆమె విన్నది వేసవి సెలవులలో మాకు దక్కినది. వెన్నెలలో మండువాలో మడతమంచముల మీద మమ్ము పండుకొనబెట్టి, “అనగా అనగా ఓ ముసలి రాజు. ఆయనకి ముగ్గురు కూతుళ్ళు” అని మొదలుపెట్టెడిది. పెద్దమ్మాయిలిద్దఱును తండ్రికి తీపిమాటలు చెప్పి రాజ్యము పంచుకొనుటయు, ముఖస్తుతి నెఱుగని కడగొట్టు పిల్ల వెళ్ళగొట్టబడుటయు, గాలివానలో ముసలిరాజు తలదాచుకొన చోటులేక యేడ్చుటయు ఆమె చెప్పుచుండగా మేమందఱము వెక్కివెక్కి యేడ్చెడివారము. అది లియరు రాజు కథయని నాకు బి.ఏ. తరగతిలో గాని తెలియలేదు. 1949వ సంవత్సరమున కె.వి. రెడ్డిగారు తీసిన గుణసుందరి కథ యను చలనచిత్రమునకును మూలమిదియే. అమ్మమ్మ దానిని చూచి వచ్చి, “మన కథే. చివర మాత్రం బతికించారు, పోనీలే పాపం” అనెనట. షేక్స్పియరు వ్రాసినదానికన్న ఆ ముగింపే మాకును నచ్చెడిది.

ఇంతవఱకు చెప్పినది ముచ్చట. ఇక చెప్పవలసినది కొంచెము కష్టమైన మాట.

ఆ 1949వ సంవత్సరముననే మా యమ్మ అయిదవ తరగతి ముగించెను. లెక్కలలో ఆమెయే మొదటిది. ఉన్నత పాఠశాలకు బోవలెనన్న కాలువ దాటి రెండు మైళ్ళు నడువవలెను. ఆడుపిల్ల, అంతదూరము, ఎందులకు? అని తాతగారు మాన్పించిరి. మగవేషము వేసికొని న్యాయస్థానమున నిలిచి, పెద్దపెద్ద న్యాయవాదులకు తోచని యుక్తితో నొక ప్రాణము గాపాడిన పోర్షియా చాతుర్యమును కొడుకులకు కన్నీరు కార్చుచు వర్ణించిన వారే, తమ కూతురి పలకను అటకమీద పెట్టించిరి. ఆయన దుష్టుడు కాడు. కూతురన్న ప్రాణము. కాని పుస్తకములోని స్త్రీ వేఱు, ఇంటిలోని స్త్రీ వేఱు అని ఆ కాలపు చదువుకొన్న మగవారనేకులు మనసులో నొక గోడ కట్టుకొనిరి. మా యమ్మ తన జీవితకాలమంతయు ఆ మాట నెవరితోను అనలేదు. నా చదువు విషయమున మాత్రము ఒక్కనాడును వెనుదీయలేదు.

అత్తయ్య తాళపుచెవి తెచ్చి నా చేత బెట్టెను. తలుపు తీయగానే పాత కాగితపు వాసన గుప్పుమనినది. షేక్స్పియరు నాటకములు, డికెన్సు నవలలు రెండు, పాల్గ్రేవు కూర్చిన పద్యసంపుటము, గోల్డుస్మిత్తు నవల. కొన్నిటిని చెదలు తినినవి. వానిలో అట్ట యూడిన చిన్న పుస్తకమొకటి దొరకినది. చార్లెసు లాంబు, ఆతని యక్క మేరీ లాంబు కలిసి వ్రాసిన షేక్స్పియరు కథలు. దాని నడుమ నాలుగు మడతలు పెట్టిన కాగితము. విప్పి చూచితిని. పెన్సిలుతో గుండ్రని తెలుగు అక్షరములు: కొర్డీలియా, పోర్షియా, మిరాండా, వయోలా, డెస్డెమోనా. ప్రతి పేరునకు ఎదుట ఒక్కొక్క మాట. కొర్డీలియా కెదుట ‘కడగొట్టుది’. డెస్డెమోనా కెదుట ‘అన్యాయం’. పోర్షియా కెదుట మా యమ్మ ముద్దుపేరు.

అది అమ్మమ్మ వ్రాత. చాకలిపద్దు పుస్తకములలో నేనా వ్రాత నెన్నిమారులో చూచితిని. ఆమె తాళపుచెవి నెప్పుడు, ఎట్లు సంపాదించెనో, ఏ కుమారునిచే నా పేర్లు చదివించుకొనెనో ఇప్పుడు చెప్పువారు లేరు. అత్తయ్యయు నేనును ఆ కాగితమును చూచుచు చాలసేపు మాటలాడలేదు.

చదువరులలో ఈ లాంబుల కథ నెఱుగనివారు ఉండవచ్చును. ఈ పుస్తకము 1807లో వెలువడినది. దుఃఖాంతములను తమ్ముడు వ్రాసెను; సుఖాంతములును తక్కినవియు, అనగా అధికభాగము, అక్క వ్రాసినవే. అయినను మొదటి ముద్రణమున ముఖపత్రము మీద చార్లెసు పేరొక్కటే యుండెను. పీఠికలో వారు చెప్పినది మఱింత గమనింపదగినది. మగపిల్లలకు తండ్రి గ్రంథాలయము చిన్ననాడే తెఱచియుండును, ఆడుపిల్లలకట్లు కాదు. కావున ఈ కథలు ముఖ్యముగ ఆడుపిల్లలకొఱకు వ్రాసితిమని దాని సారాంశము. లండనున 1807లో నొక స్త్రీ యే తాళమును గూర్చి వాపోయెనో, అదే తాళము కోనసీమలో మా సావిడిలో వ్రేలాడినది. ఆ తాళమును దాటి వచ్చిన పుస్తకమును అమ్మమ్మ వెదకి పట్టుకొన్నది!

ఆ సాయంకాలము అత్తయ్య కూతురి కూతురు అమలాపురము నుండి వచ్చెను. డిగ్రీ చదువుచున్నది. ఆమెకు జేను ఆస్టిను నవల పాఠ్యమట. ఆస్టిను 1811లో తన మొదటి నవలను ‘ఒక స్త్రీ’ వ్రాసినదని మాత్రము వేయించెను. ఆమె బ్రతికియుండగా ఏ పుస్తకము మీదను ఆమె పేరు లేదు. 1847లో జేను అయిరు నవలను వ్రాసిన షార్లెటు బ్రాంటీ మగపేరో ఆడపేరో తెలియని మాఱుపేరు పెట్టుకొనెను. ఇవి యన్నియు ఆ పిల్ల చెప్పుచుండగా అత్తయ్యకు విసుగు పుట్టినది. “పేర్లెందుకే, కథ చెప్పు” అనెను.

కథ చెప్పినది. ఒక యింట అయిదుగురు ఆడుపిల్లలు. తండ్రి పోయినచో ఇల్లును భూమియు పిల్లలకు రావు. మగసంతు లేదు గనుక దూరపు జ్ఞాతికి బోవును. తల్లికి పగలు రాత్రి పెండ్లిండ్ల చింతయే. ధనికుడును గర్వియు నగు నొక యువకుడు, మాటకు మాట చెప్పగల రెండవ కూతురు, అపోహలు, తుదకు కల్యాణము. 1813లో వెలువడిన ఆ నవలను ఆంగ్ల దేశమున ఆ తల్లిని పరిహసించుచు చదువుదురు. అత్తయ్య పరిహసింపలేదు. “అయిదుగురిని కన్నతల్లి బాధ ఎవరికి తెలుస్తుంది? ఆవిడ మతి చెడినది కాదే, ఇల్లు పోతుందని భయం” అని, “మరి తక్కినవాళ్ళకి పెళ్లిళ్ళయ్యాయా?” అని యడిగెను. పుస్తకము ముగియునాటికి మువ్వురకే యైనవని చెప్పగా నిట్టూర్చెను. ఇదే రచయిత్రి మొదటి నవల 2000లో తమిళమున చలనచిత్రమై, ‘ప్రియురాలు పిలిచింది’ యని తెలుగున వచ్చినది. అత్తయ్య దానిని టెలివిజనులో నాలుగుమారులు చూచెనట. ఎవరి కథయో ఆమె కక్కఱలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర రాలేదు. ఆ అయిదుగురి చిక్కు మా యింటి చిక్కే. మన రాష్ట్రమున 1985 సెప్టెంబరు నుండి అమలైన శాసన సవరణము ఉమ్మడి కుటుంబపు పిత్రార్జితమున ఆడుపిల్లకు మగపిల్లవానితో సమానముగ హక్కు నొసగెను. కాని అప్పటికే పెండ్లియైన వారికి గాదు. 2005లో దేశమంతటికిని వచ్చిన సవరణము ఆ భేదమును తొలగించెను. 1954లో పెండ్లియైన మా యమ్మకు మొదటిది వర్తింపలేదు. రెండవది వచ్చునాటికి ఆమె లేదు. అమ్ముడుపోవుచున్న ఆ యింటిలో ఆమె భాగ మేమియు లేదు. నేనడుగుటకును రాలేదు. కాని బీరువాలోని కాగితము మీద ఆమె పేరున్నది గదా యని తోచినది.

మఱునాడు ఆ పిల్లతో కలిసి అంబాజీపేట మీదుగా అమలాపురము పోయితిని. 2022 నుండి జిల్లాకు ముఖ్యపట్టణమైన యీ యూరు రద్దీయైపోయినది. ముక్తేశ్వరము ఇచ్చటికి దూరము కాదు. సూర్యరాయాంధ్ర నిఘంటువునకు ప్రధాన సంపాదకులైన జయంతి రామయ్య పంతులుగారు 1860లో అచ్చటనే జన్మించిరి. గ్రాంథిక భాషకు పెట్టనికోట యనదగిన వారు, తమ వాదమును సమర్థించుచు వ్రాసిన గ్రంథము మాత్రము ఇంగ్లీషుననే వ్రాసిరి. ఇంగ్లీషు చదివినంత మాత్రమున తెలుగు తఱిగిపోదనుటకు వారికన్న నిదర్శనము వలదు.

అచ్చటినుండి గన్నవరపు అక్విడెక్టు చూడబోయితిమి. వైనతేయ నది మీద నిది కాలువను మోయు వంతెన. 19వ శతాబ్ది నడుమ కట్టిన నలువదితొమ్మిది కమానుల పాత కట్టడము ప్రక్కన 2000లో కట్టిన క్రొత్తది. దానికి అన్నదాత డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. క్రింద నొక నది, పైన మఱియొక నీరు. బారేజి కడ బయలుదేరిన కాలువ ఈ వంతెన మీదుగా దాటిపోయి రాజోలు సీమ పొలములను తడుపును. “మామ్మా, ఆ పుస్తకాలు కూడా ఇలాగే వచ్చాయేమో” అని ఆ పిల్ల యనెను. నిజమే. నీరెచ్చటిదైనను పండినది మన వరియే.

కాని ఆ నీ రందఱి చేలకును సమానముగ పాఱలేదు. వంతెన దాటినచో మామిడికుదురు. కవి బోయి భీమన్నగారు 1911లో అచ్చట పేద దళిత కుటుంబమున జన్మించిరి. కాకినాడలో బి.ఏ. వఱకు చదివిరి. వారి ‘పాలేరు’ నాటకమున ఒక పాలేరు చదువుకొని ఉన్నతాధికారి యగును. ఆ నాటకము పల్లెపల్లెలను ఆడి, పాలేరు బిడ్డలను బడిబాట పట్టించినది. 1975లో వారికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. మా తాతగారి బీరువా మూసియున్నది మా యింటి యాడువారికి మాత్రమే కాదని, ఆ తోటల వెనుక గుడిసెలలోని యెందఱో పిల్లలకును అది మూసియే యున్నదని, ఆ వంతెన మీద నిలుచుండి నేను మొదటిసారి తలచితిని. మా యమ్మకు కలిగిన కష్టమును నేనెన్నడును మఱువలేదు. వారి కష్టమును నేనెన్నడును తలపనైన లేదు.

తిరిగి వచ్చి మా బావతో మాటలాడితిని. “నాకీ యింటిలో వేఱేమియు వలదు, బీరువా నాకిమ్ము” అంటిని. అతడు మంచివాడు; తూకపువానిని పంపివేసెను. పనికివచ్చు పుస్తకములతో బీరువాను ఊరి ఉన్నత పాఠశాల కిచ్చితిమి. తాళము వేయరాదని యొక్కటే నియమము. వానితోపాటు తెలుగు రాజశేఖర చరిత్రమును, సాక్షి వ్యాసములను, భీమన్నగారి నాటకమును కొని చేర్చితిని. లాంబుల పుస్తకమును, ఆ కాగితమును మాత్రము నా వెంట తెచ్చుకొంటిని.

సోదరీమణులారా! ఈ ఆంగ్ల కథలు వందల యేండ్లయినను చావకుండుటకు కారణము అవి దొరల కథలగుట కాదు. కూతురి పెండ్లి, తండ్రి మొండితనము, చేతిలోని ధనము జారిపోవుట, తనదికాని యిల్లు, అనుమానపు మగడు: ఇవి వేనీసులో నెట్లో వేమగిరిలో నట్లే. పరీక్షకొఱకు చదివినవాడు పరీక్ష తీఱగానే మఱచును. వత్తులు చేసికొనుచు విన్న మా యమ్మమ్మ మఱువలేదు. మీ యింట నిట్టి బీరువా యున్నయెడల తెఱవుడు. ఇంగ్లీషు రాకున్నచో వచ్చిన పిల్లచే తెలుగున చెప్పించుకొనుడు. వినునప్పుడు పనిచేయు పిల్లనుగూడ పిలిచి కూర్చుండబెట్టుకొనుడు.

నేను బయలుదేరునప్పుడు అత్తయ్య బండిదాక వచ్చి, కిటికీలోనికి వంగి, “అమ్మాయీ, ఆ అయిదుగురిలో చదువుమీద ధ్యాసున్నది ఒకతుంది చూడు, దానికి పెళ్లి కాలేదన్నారే, దాని గతేమయిందో ఆవిడ రాయలేదా?” అని యడిగెను. కథలో వ్రాయలేదంటిని. “రాస్తే బావుండేది” అనెను.